కోయంబత్తూరు తెలుగువారి మోటారు వ్యాసంగము – చేతి గేరా? ఆటోమేటిక్ గేరా?

తమిళనాట కొంగుమండలమున తెలుగువారు స్థిరపడి కొన్ని శతాబ్దములు గడచినవి. విజయనగర రాజుల కాలమునను, పిదప మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన కుటుంబములు కోయంబత్తూరు చుట్టుప్రక్కల నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించినవి. ప్రత్తి నుండి నూలు మిల్లులకును, మిల్లుల నుండి ఇనుప పోతపనికిని, అచటి నుండి మోటారులకును వచ్చినవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పనిశాలలో ఇంగ్లీషు మాటలు. ఈ మూడింటి నడుమ వారి దినచర్య సాగుచున్నది. వారు కట్టించిన కోవెలలను గూర్చియు, నెలకొల్పిన విద్యాలయములను గూర్చియు సభలలో తరచుగా చెప్పుకొందురు. మోటారు బండితో వారికి గల నూరేండ్ల చెలిమియు అంతే చెప్పుకొనదగినది.

ఆ యిండ్లలో క్రొత్త సెడాను కారు కొనబోవునపుడు రంగును గూర్చి కంటె పెద్ద వాదము గేరును గూర్చి నడచును. చేతి గేరు లేని బండి బండియే కాదని ఒకరందురు. ఎడమ కాలితో రోజునకు వేయిసార్లు క్లచ్చు తొక్కుట యెందులకని మరియొకరందురు. పైకి ఇది చిన్న వాదముగ కనబడును. కాని దాని వెనుక రెండు పెద్ద ప్రశ్నలు కలవు. మూడు నాలుగు తరములుగ చేతినుండి చేతికి వచ్చిన ఒక విద్య ఈ తరముతో ఆగిపోవునా యనునది మొదటిది. మోకాలి నొప్పితో బాధపడు పెద్దకును, వానకాలమున వాల్పారై కొండ దిగు కుర్రవానికిని ఒకే బండి క్షేమమా యనునది రెండవది. గేరుబాక్సు నడచివచ్చిన దారి తెలిసినవారికి ఈ రెండింటిని గూర్చియు తీరికగ ఆలోచించు వీలు కలుగును.

కథ బస్సుతో మొదలగును. లోకము జి.డి. నాయుడుగారని యెరిగిన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893లో కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమున తెలుగు రైతు కుటుంబమున జన్మించిరి. 1920లో ఒక్క బస్సుతో పొళ్ళాచ్చి నుండి పళనికి ప్రయాణికులను చేర్చు సర్వీసు ప్రారంభించిరి. 1933 నాటికి వారి యూనివర్సల్ మోటార్ సర్వీసు క్రింద 280 బస్సులు నడచుచుండెను. అన్ని బస్సులకు అంతమంది డ్రైవర్లు కావలెను. ఎద్దుబండి తోలిన చేతులే గేరు కడ్డీ పట్టవలసి వచ్చినవి.

ఆ కాలపు గేరు మార్చుట సామాన్యమైన పని కాదు. పెట్రోలు ఇంజను తక్కువ చుట్లు తిరుగునపుడు దానికి బలము చాలదు. మరీ ఎక్కువ చుట్లు తిరిగిన అరుగును, వేడెక్కును. కనుక బండి నిలిచియున్నపుడు, ఎత్తు ఎక్కునపుడు ఇంజను త్వరగను చక్రము మెల్లగను తిరుగవలెను. చదునైన దారిలో ఇంజను తొందర తగ్గవలెను. ఈ సర్దుబాటు చేయునవే పెద్దవి చిన్నవియగు పండ్ల చక్రములు. ఫ్రాన్సు దేశమున పానార్డ్ లెవాసోర్ సంస్థ 1891 ప్రాంతమున జరిపి తగిలించు పండ్ల చక్రముల పద్ధతిని కారులో అమర్చెను. నూరేండ్లకు పైగా లోకమంతట నడచిన చేతి గేరు దాని సంతానమే. అయితే వేరువేరు వేగములతో తిరుగుచున్న రెండు పండ్ల చక్రములను తగిలించుట యెట్లు? పాత బస్సులలో ఆ భారము డ్రైవరుపై నుండెను. అతడు క్లచ్చు తొక్కి గేరును న్యూట్రలునకు తెచ్చి, క్లచ్చు వదలి, యాక్సిలరేటరును ఒక్కసారి అదిమి, మరల క్లచ్చు తొక్కి, క్రింది గేరులోనికి కడ్డీని జారవిడువవలెను. ఇదంతయు ఊపిరి పీల్చి వదలునంతలో జరుగవలెను. ఇంజను ధ్వనియే అతనికి గురువు. తప్పినచో పండ్లు కరకరలాడి బస్సంతయు వినబడును. ప్రక్కన కూర్చున్న ముసలమ్మకు సైతము డ్రైవరు పనితనము చెవికే తెలిసెడిది.

చదునైన దారిలో ఈ తప్పునకు ఫలము నగుబాటు మాత్రమే. ఘాట్ రోడ్డుమీద అట్లు కాదు. మెట్టుపాళయము దాటి కూనూరు కొండ దిగు బండిగాని, ఆళియారు నుండి నలుబది కొక్కెపు మలుపులు గల వాల్పారై దారి దిగు బండిగాని క్రింది గేరులో నుండిననే ఇంజను బండిని పట్టియుంచును. మూడవ గేరు విడిచి రెండవది దొరకని క్షణమున బండి న్యూట్రలులో నుండును; అప్పుడు భారమంతయు బ్రేకులపై పడును; వేడెక్కిన బ్రేకు పట్టు తప్పును. ఏ గేరుతో కొండ యెక్కుదురో ఆ గేరుతోనే దిగవలెనని డ్రైవర్లు చెప్పుకొను నియమము ఇట్టి అనుభవము నుండి పుట్టినదే. చేతి గేరుపై దక్షిణాది మోటారువారికి గల గౌరవమునకు మూలము వేగము కాదు, ప్రాణభయము. ఈ సంగతి కుర్రకారు మరచినట్లు కనబడుచున్నది.

నాయుడుగారికి పుస్తకపు చదువుకంటె చేతిపనిపై నమ్మిక మెండు. 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర వెలసిన సాంకేతిక విద్యాసంస్థకు వారు కారకులు. ఇంజనీరుకు నాలుగేండ్ల చదువు వ్యర్థము, రెండేండ్లు చాలునని వాదించి, ఆ మాట చెల్లకపోగా తప్పుకొనిరి. వారి మాట అంతయు సరియని చెప్పుట కష్టము. కాని గేరు మార్చుట వంటి విద్య పుస్తకమున దొరకదనుటలో మాత్రము సందేహము లేదు.

ఈలోగా పడమటి దేశములలో డ్రైవరు భారమును యంత్రమే మోయుటకు పూనుకొన్నది. 1928లో అమెరికాలోని కాడిలాక్ సంస్థ సింక్రొమెష్ అను ఏర్పాటును కారులో పెట్టెను. పండ్లు తగులుకొనుటకు ముందే రెండు చక్రముల వేగమును సమము చేయు చిన్న ఇత్తడి కోను వంటిది అది. రెండుసార్లు క్లచ్చు తొక్కు అవసరము దానితో తీరెను. 1939లో జనరల్ మోటార్స్ వారు హైడ్రా-మాటిక్ అను సంపూర్ణ ఆటోమేటిక్ గేరుబాక్సును ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమ్మకమునకు తెచ్చిరి. క్లచ్చు పెడలే లేదు. పిదప వచ్చిన టార్క్ కన్వర్టరు జర్మనీ దేశపు హెర్మన్ ఫొట్టింగర్ ఓడలకొరకు 1905లో కనిపెట్టిన సూత్రమునకు వారసురాలు. ఎదురెదురుగ నుంచిన రెండు విసనకర్రలలో ఒకటి తిరిగిన దాని గాలికి రెండవది తిరుగునట్లు, నూనె నిండిన డబ్బాలో ఒక రెక్కల చక్రము నూనెను త్రోయగ మరియొకటి తిరుగును. అందుచేత కుదుపు లేదు. కాని నూనె జారుటలో కొంత బలము వేడిగ మారి వ్యర్థమగును. పెట్రోలు నీటివలె దొరకిన అమెరికాలో ఆ నష్టమును లెక్కించినవారు లేరు. భారతదేశమున లెక్కింపనివారు లేరు.

స్వాతంత్ర్యానంతరము భారతీయులకు దొరకిన సెడానులు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడరు, బొంబాయిలో ప్రీమియరు వారు తయారుచేసిన ఫియట్ 1100, మద్రాసులో 1961 నుండి తయారైన స్టాండర్డ్ హెరాల్డు. మొదటి రెండింటి గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కన నుండెను. ముందు సీటు బెంచివలె పొడవుగ నుండుటచే ముగ్గురు కూర్చుండవచ్చును. పెద్ద కుటుంబములకు అదియే ముఖ్యము. కాని కడ్డీకిని గేరుబాక్సునకును నడుమ కీళ్ళు ఎక్కువ. అవి అరిగినకొలది ఏ గేరు ఎచట నున్నదో చేతికి తెలియదు. హెరాల్డు గేరు కడ్డీ నేలనుండి పైకి వచ్చెను, పొట్టిది, గేరుబాక్సునకు చేరువ. మణికట్టు కదలికతో గేరు పడెడిది. బండిలో బలము మెండుగ లేకున్నను యువకులు దానిని మెచ్చుకొనుటకు అది ఒక కారణము. ఇంజను బలమొక్కటియే వేగమని తలచువారు ఈ చిన్న సంగతి గమనింపవలెను: చేతికిని పండ్ల చక్రమునకును నడుమ దూరము తగ్గిననే డ్రైవరునకు బండి తనదనిపించును.

మద్రాసు సమీపమున షోలవరములో యుద్ధకాలపు విమానాశ్రయపు దారిపై మోటారు పందెములు జరుగుచుండెను. 1990 ప్రాంతమున ఆ పందెములు ఇరుంగాట్టుకోట్టైలోని క్రొత్త ట్రాకునకు తరలినవి. ఈ పందెములలో కోయంబత్తూరువారి పేర్లు తరచుగా వినబడెడివి. లక్ష్మీ మిల్సు కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్‌గారు 1980ల చివర మారుతి 800 ఇంజనును అమర్చి ఫార్ములా మారుతి అను ఒంటి సీటు పందెపు కారును రూపొందించిరి. విదేశీ పందెపు కారు కొనుట అసాధ్యమైన కాలమున, సామాన్య కుటుంబపు కారు ఇంజనుతో పందెగాండ్రను తయారుచేయుట వారి ఘనత. 1995లో విమాన ప్రమాదమున వారు మరణించిరి. చెట్టిపాళయములోని కరి మోటార్ స్పీడ్‌వే వారి పేర వెలసినదే.

1998లో హోండా సిటీయు, తిరువళ్ళూరు కర్మాగారమునుండి మిత్సుబిషి లాన్సరును, 1999లో మరైమలై నగరునుండి ఫోర్డు ఐకాను వెలువడినవి. ఇంటిల్లిపాదిని తీసికొనిపోవు సెడానులో వేగపు సరదా సైతము ఉండవచ్చునని దక్షిణాది మధ్యతరగతి అప్పుడే తెలిసికొన్నది. 2004లో స్కోడా వారు ఆక్టేవియా ఆర్.ఎస్. అను 150 అశ్వశక్తుల సెడానును తెచ్చిరి. అది చేతి గేరుతో మాత్రమే లభించెను. ఆ దినములలో వేగపు సెడాను ఆటోమేటిక్ గేరుతో కొనెదమన్నవానిని మిత్రులు నవ్వెడివారు. ఆ నవ్వునకు కారణము లేకపోలేదు. నాటి ఆటోమేటిక్కులలో చాలవరకు నాలుగు గేర్ల టార్క్ కన్వర్టరులే. యాక్సిలరేటరు తొక్కిన పిదప ఆలోచించి కదలెడివి, పెట్రోలు ఎక్కువ త్రాగెడివి, చెడినచో బాగుచేయువాడు జిల్లాలో దొరకెడివాడు కాడు. ధరయు ఎక్కువ. అట్టి సరుకును కొనకపోవుట మూఢభక్తి కాదు, లెక్క తెలిసిన పని.

అయితే ఆ నవ్వు నవ్వినవారు ఒక సంగతి చూడలేదు. చేతి గేరే వేగమునకు గుర్తని వారు నమ్మియుండగ, లోకమున అన్నిటికంటె వేగముగ పరుగెత్తు కార్లు గేరు కడ్డీని అప్పటికే విడిచిపెట్టినవి. 1989లో ఫెరారీ వారు జాన్ బార్నార్డ్ రూపొందించిన 640 అను ఫార్ములా వన్ కారులో స్టీరింగు వెనుక రెండు రెక్కలు అమర్చిరి. ఒకదానిని లాగిన పై గేరు, రెండవదానిని లాగిన క్రింది గేరు. నూనె ఒత్తిడియు విద్యుత్తును క్లచ్చు పని చూచుకొనును. ఆ బండి నడచునో లేదో యని యెల్లరు సందేహించుచుండగ నైజెల్ మాన్సెల్ బ్రెజిల్‌లో దాని మొదటి పందెమే గెలిచెను. కొన్ని యేండ్లలో తక్కినవారందరు ఆ దారినే పట్టిరి.

2005లో కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగి, ఆ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. ఆయన తండ్రి జి.ఆర్. కార్తికేయన్‌గారు దక్షిణ భారత ర్యాలీని పలుమార్లు గెలిచినవారు. తండ్రి గేరు కడ్డీ పట్టి కొండదారులలో గెలిచెను; కొడుకు గేరు కడ్డీయే లేని బండిలో, చేతులు స్టీరింగు విడువక, లోకపు పందెమున నిలిచెను. ఆ యేడు ఇండియానాపొలిస్‌లో టైర్ల క్షేమము గూర్చిన వివాదముచే ఆరు కార్లే పరుగెత్తగ ఆయన నాలుగవ స్థానమున వచ్చెను. తండ్రి విద్య కొడుకునకు అందలేదని ఎవరును అనజాలరు. ఇంజను ధ్వని వినుట, మలుపునకు ముందే గేరు తలచుట, చక్రముల పట్టు తెలియుట. ఇవి చేతిలో లేవు, చెవిలోను నడుములోను కలవు. మారినది మీట మాత్రమే.

పందెపు బండి వేరు, ఇంటి సెడాను వేరు అని యెవరైన ఆక్షేపింపవచ్చును. వారికి జర్మనీ దేశపు బి.ఎమ్.డబ్ల్యు. వారి ఎమ్5 సెడాను చరిత్ర చక్కని సమాధానము. 1998లో వచ్చిన ఎమ్5 నకు 400 అశ్వశక్తుల ఇంజను, ఆరు గేర్ల చేతి గేరుబాక్సు; వేరొకటి లేదు. 2005 నాటి ఎమ్5 నకు పది సిలిండర్ల ఇంజను, 507 అశ్వశక్తులు. దానికి ఏడు గేర్ల బాక్సు పెట్టిరి. లోపల చేతి గేరువంటిదే, ఒకటే క్లచ్చు, కాని దానిని యంత్రము తొక్కును. వేగముగ పోవునపుడు అది మెరుపే. ఊరిలో మెల్లగ పోవునపుడు ప్రతి గేరునకు తల ముందుకు వంగి వెనుకకు వాలును. అమెరికా కొనుగోలుదారులు తమకు క్లచ్చు పెడలు కావలెనని పట్టుబట్టగ అచట చేతి గేరుతోను అమ్మిరి. 2011 నాటి ఎమ్5 లో రెండు క్లచ్చుల గేరుబాక్సు వచ్చెను. 2017 నాటి దానిలో అదియు పోయి, ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టరు వచ్చెను. ఇరువది యేండ్లలో ఒకే సెడాను నాలుగు పద్ధతులు మార్చి, ముసలివారి గేరని కుర్రకారు నవ్విన పద్ధతికే చేరినది! టార్క్ కన్వర్టరు అప్పటి టార్క్ కన్వర్టరు కాదు. బండి కదలిన వెంటనే నూనెలోని జారుడును ఒక క్లచ్చు బిగించివేయును; గేరు మార్పును క్షణములో జరుగును; 600 అశ్వశక్తులను నాలుగు చక్రములకు పంచినను తట్టుకొనును. పద్ధతి పేరుచూచి మంచిచెడులు నిర్ణయించువారు ఈ చరిత్రను రెండుసార్లు చదువుట మంచిది.

రెండు క్లచ్చుల పద్ధతిని కొంత వివరింపవలెను. ఒంటి సంఖ్యల గేర్లు ఒక క్లచ్చు క్రిందను, జంట సంఖ్యల గేర్లు మరియొక క్లచ్చు క్రిందను ఉండును. మూడవ గేరులో పోవుచుండగనే నాలుగవది లోపల సిద్ధముగ తగులుకొనియుండును; ఒక క్లచ్చు విడువగనే రెండవది పట్టును. ఇంజను బలము చక్రములకు చేరుట ఆగదు. ఫ్రాన్సులో అడాల్ఫ్ కెగ్రెస్ 1939లోనే ఈ ఊహ చేసెను. 1980లలో పోర్షే వారు పందెపు కార్లలో పెట్టిరి. 2003లో ఫోక్స్‌వాగన్ వారు గోల్ఫ్ ఆర్32 లో డి.ఎస్.జి. అను పేర బజారునకు తెచ్చిరి. ఆ మొదటిదానిలో క్లచ్చులు నూనెలో మునిగియుండెను. 2008లో చిన్న ఇంజనులకై తెచ్చిన ఏడు గేర్ల బాక్సులో క్లచ్చులు పొడివి. పొడి క్లచ్చు తేలిక, బలనష్టము తక్కువ. కాని వేడిని చల్లార్చుటకు గాలియే దిక్కు. అడుగులో అడుగు వేయు నగరపు రద్దీలో క్లచ్చు సగము పట్టి సగము జారుచు వేడెక్కును. 2013లో చైనాలో ఈ గేరుబాక్సు గల 3,80,000కు పైగా కార్లను సంస్థ వెనుకకు పిలిచి సరిచేయవలసి వచ్చెను. భారతదేశమునకు ఆ యేడే పోలో జి.టి., వెంటో కార్లలో అది వచ్చినది. 2004లో చేతి గేరుతో మాత్రమే దొరకిన ఆక్టేవియా ఆర్.ఎస్. 2017లో మరల వచ్చినపుడు డి.ఎస్.జి. తో మాత్రమే దొరకెను.

2022, 2023 సంవత్సరములలో వచ్చిన సెడానుల జాబితా చూచినచో కొనువాని ఇబ్బంది బోధపడును. పూనా సమీపమున చాకన్‌లో తయారైన స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టుస్ కార్లలో ఒక లీటరు ఇంజనునకు చేతి గేరుగాని ఆరు గేర్ల టార్క్ కన్వర్టరుగాని. 150 అశ్వశక్తుల ఒకటిన్నర లీటరు ఇంజనునకు డి.ఎస్.జి. వర్టుస్ పెద్ద ఇంజను 2022లో డి.ఎస్.జి. తో మాత్రమే వచ్చినది. మరుసటి యేడు సంస్థవారు చేతి గేరునుకూడ చేర్చిరి. వెనుకకు తిరిగిన అడుగు ఇది. చేతి గేరును ప్రేమించువారు సంఖ్యలో తక్కువైనను పట్టుదలలో తక్కువ కాదని దీనివలన తెలియును. 2023లో ఇరుంగాట్టుకోట్టైలో, పందెపు ట్రాకు గల ఊరిలోనే, తయారైన హ్యుందాయ్ వెర్నాలో 160 అశ్వశక్తుల టర్బో ఇంజనునకు ఆరు గేర్ల చేతి గేరును, ఏడు గేర్ల పొడి రెండు క్లచ్చుల గేరును. మామూలు ఇంజనునకు చేతి గేరును, రెండు శంకువుల నడుమ పట్టీ జరుగు సి.వి.టి. పద్ధతియు కలవు. ఆ చివరిదానిలో మెట్లు లేవు. మెల్లగ నడపువారికి అది వెన్నవలె మెత్తన. గట్టిగ తొక్కినచో ఇంజను ముందుగ అరచును, బండి వెనుకనుండి అందుకొనును. వేగపు సరదా గలవారికి అది నచ్చదు.

పెట్రోలు లెక్క సైతము తలక్రిందులైనది. 2023లో వెర్నా టర్బోకు సంస్థ ప్రకటించిన పరీక్షా మైలేజి చేతి గేరుతో లీటరునకు 20.0 కిలోమీటర్లు, రెండు క్లచ్చుల గేరుతో 20.6. ఆటోమేటిక్ పెట్రోలు త్రాగునను పాత ఆక్షేపణకు ఆ కాగితముపై తావు లేదు. వాస్తవపు దారిలో నడపువాని పాదమే లెక్క తేల్చును గాని, వెనుకటివలె యంత్రమును నిందింప వీలులేదు. మిగిలినవి కొనునప్పటి ధరలో తేడాయు, చెడినప్పటి ఖర్చును. చేతి గేరు క్లచ్చు పలక అరిగినచో పేటలోని మెకానిక్కు ఒక పూటలో మార్చును. రెండు క్లచ్చుల బాక్సులో దోషమును కంప్యూటరు చూపవలెను; ఆ కంప్యూటరు సంస్థవారి వర్క్‌షాపులో నుండును. తరతరములుగ గేరుబాక్సు విప్పి, పండ్లు చూచి, చేతితో తడిమి దోషము చెప్పిన చిన్న షెడ్డువారికి ఈ మార్పు జీవనోపాధికి సంబంధించినది. గేరు వాదములో ఎవరును తలపని మనిషి ఆ షెడ్డులోని మెకానిక్కు.

మరి ఘాట్ రోడ్డు మాట? రెండు క్లచ్చుల బండిలో కొండ యెక్కుచు, వాహనముల వరుస ఆగినపుడు, బ్రేకు తొక్కక యాక్సిలరేటరుతోనే బండిని నిలుపువాడు క్లచ్చును చేతులార కాల్చుకొనును. ఆగినపుడు బ్రేకు తొక్కవలెను. ముందు బండికి కొంత దూరము విడిచి, దారి దొరకినపుడు ఒక్కసారిగ కదలవలెను. టార్క్ కన్వర్టరునకు ఈ బాధ తక్కువ. దిగునపుడు ఏ ఆటోమేటిక్కునైనను డి లో నుంచి బ్రేకుపై ఆధారపడుట ప్రమాదము. స్టీరింగు వెనుక రెక్కలు గల బండిలో రెండవ గేరును పట్టియుంచవచ్చును; రెక్కలు లేనిచో గేరు కడ్డీని చేతిమార్పు స్థానమునకు జరుపవలెను. అనగా ఆటోమేటిక్ బండి కొన్నవాడు సైతము కొండపై ఏ మలుపునకు ఏ గేరో యెరిగియుండవలెను. 1920లలో పొళ్ళాచ్చి బస్సు డ్రైవరునకు తెలిసిన ఆ సంగతి తెలియనివాడు ఏ గేరుబాక్సు కొన్నను ఒకటే.

ఈ కారణములన్నియు తూచి చూచిన, కోయంబత్తూరు కుటుంబమునకు ఒకే సమాధానము చెప్పుట కుదరదు. నగరములోనే తిరుగువారు, ఇంట మోకాళ్ళ నొప్పులు గలవారు, బండిని పదేండ్లు ఉంచుకొనదలచువారు టార్క్ కన్వర్టరు గల చిన్న ఇంజనును ఎంచుకొనుట మేలు. వేగములో పోవునది కొంచెమే. తరచుగా ఖాళీ రహదారులపై దూరప్రయాణములు చేయువారికి, వారంటీ గడువు పొడిగించుకొన శక్తిగలవారికి రెండు క్లచ్చులది తగును. ఇంట పద్దెనిమిదేండ్లు నిండిన పిల్లవాడో పిల్లయో ఉన్నచో, కనీసము ఒక్క బండియైన చేతి గేరుతో నుండుట మంచిది. ఆటోమేటిక్‌పై మాత్రమే నేర్చినవారు అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసివచ్చి ఇరుగింటివారి పాత బండి తాళము చేతికందినపుడు నడపలేక నిలబడుదురు. యంత్రమును లొంగదీయుట తెలిసినవానికి తనంతట నడచు యంత్రము సుఖము. తెలియనివానికి అది ఆధారము మాత్రమే.

ఈ రెండింటి నడుమ త్రిశంకుస్వర్గములు కొన్ని కలవు. మారుతి వారు 2014లో సెలేరియోతో తెచ్చిన ఎ.ఎమ్.టి., ఎమ్5 నాటి యంత్రము తొక్కు క్లచ్చునకు పేదింటి తమ్ముడు. ధర తక్కువ, కుదుపు ఎక్కువ. క్లచ్చు పెడలు తీసివేసి గేరు కడ్డీని మాత్రము చేతికి వదలిన ఐ.ఎమ్.టి. పద్ధతి 2020లో వచ్చినది. ఆంధ్రదేశమున పెనుకొండ వద్ద తయారగు కియా సోనెట్ కార్లలో దానిని అమర్చిరి. ఒకనాడు విజయనగర రాజులకు రెండవ రాజధానియైన పెనుకొండ నుండి గేరుబాక్సులో సైతము ఒక మధ్యేమార్గము వెలువడినది! వేగపు సెడాను కోరువారు దీనినెంతమాత్రము లక్ష్యపెట్టలేదు. క్లచ్చు లేని గేరు కడ్డీ వారికి ఉప్పు లేని పప్పు.

విద్యుత్తుతో నడచు సెడానులకు సాధారణముగ ఒకటే గేరు. వాటితో ఈ వాదమే అణగిపోవచ్చునని కొందరి తలంపు. ఆ దినమింకను కోయంబత్తూరు ఇండ్లలోనికి పూర్తిగ రాలేదు. అవినాశి రోడ్డున జి.డి. నాయుడుగారి బంధువులు నడపు కార్ల మ్యూజియము 2015లో తెరువబడినది. పాత కార్ల నడుమ నిలిచి పిల్లలు స్టీరింగు ప్రక్కన గల గేరు కడ్డీని చూచి అది ఏమిటని అడుగుదురు. 2025 అక్టోబరులో అదే అవినాశి రోడ్డుమీద ఉప్పిలిపాళయము నుండి గోల్డ్‌విన్స్ వరకు పది కిలోమీటర్లకు పైగా పొడవు గల వంతెనను తెరచి, దానికి జి.డి. నాయుడుగారి పేరు పెట్టిరి. వంతెన మీద ఎక్కినవాడు పై గేరులో పడి దిగువరకు గేరు కడ్డీని ముట్టనక్కరలేదు. వంతెన క్రింద, పీలమేడు సిగ్నలు వద్ద, మొదటి గేరునకును రెండవ గేరునకును నడుమ ఎడమ కాలు ఆడుచునే యుండును.